నా జబ్బు గురించి వీడియోలు చేస్తే చట్టంతో చిక్కులా?

ప్రశ్న: నాకు తొమ్మిదేళ్లుగా లూపస్ (శరీర రక్షణ వ్యవస్థే సొంత ఒంటిపై దాడిచేసే జబ్బు) ఉంది. మూడేళ్లుగా దాని గురించి వీడియోలు చేస్తున్నాను. ఈమధ్య ఒకామె ‘స్టిరాయిడ్ మాత్ర ఎలా ఆపాలి?’ అని అడిగితే, నేను తగ్గించుకున్న లెక్క రాసి పంపాను. ఒక కంపెనీ, తన పొడితో లూపస్ నయమైందని చెబితే డబ్బిస్తానంటోంది. ఆ పొడి వాడాను, కాస్త హాయిగానే ఉంది. నేను డాక్టర్ని కాను. నాకేమైనా ఇబ్బంది వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆమెకు ఈరోజే మళ్లీ రాయండి. ‘ఆ లెక్క నా డాక్టరు నా ఒంటికి ఇచ్చినది, మీ డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించకండి’ అని చెప్పండి. చాలాకాలం స్టిరాయిడ్ వాడినవారి శరీరం తనకు అవసరమైన కార్టిసాల్ అనే హార్మోనును సొంతంగా తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. చట్టం సంగతి ఆ తర్వాతే.

మీ కథ చెప్పుకునే హక్కు మీకుంది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో అదీ భాగమే. కీళ్లు పట్టేసిన ఉదయాలు, పరీక్షల భయం, ఇంట్లోవాళ్లకు అర్థంకాని అలసట, ఇవన్నీ నిస్సంకోచంగా చెప్పండి. కొత్తగా జబ్బు బయటపడిన మనిషికి అలాంటి మాట ఎంత ధైర్యమో నా కక్షిదారుల్లోనే చూశాను.

మరొకరికి మోతాదు చెప్పడం వేరు. వైద్యుల రిజిస్టరులో పేరు లేనివారు వైద్యం చేస్తే, జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక్క సందేశంతో మీపై ఆ కేసు నిలుస్తుందని నేను అనుకోను. అదే పని రోజూ చేస్తే మాత్రం, అది వైద్యమేనని వాదించడం అవతలి వకీలుకు కష్టం కాదు.

ఇక ఆ పొడి. దీన్ని ఒప్పుకోవద్దనే నా సలహా. ‘నయం చేస్తుంది’ అని ప్రకటించకూడని జబ్బుల పట్టిక ఒకటి 1954 నాటి ఔషధాలు, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టంలో ఉంది. అందులో లూపస్ పేరు కూడా ఉంది. ప్రకటన అంటే అచ్చువేసినదే కానక్కరలేదు. నోటిమాటనే కాదు, వెలుగుతో, శబ్దంతో, చివరికి పొగతో చెప్పినదాన్ని కూడా ఆ చట్టం ప్రకటనగానే లెక్కేసింది. మీ వీడియో దాన్ని తప్పించుకోలేదు. మొదటి నేరానికే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇంకో వైపు నుంచి పట్టుకుంటుంది. తప్పుదారి పట్టించే ప్రకటనలో కనిపించినవారికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు, ఏడాది వరకు ప్రకటనలు చేయకుండా నిషేధించవచ్చు. చెప్పే మాట నిజమో కాదో తగినంతగా విచారించుకున్నామని చూపగలిగితే బాధ్యత ఉండదు. ‘వాడాను, హాయిగా ఉంది’ అన్నది నా దృష్టిలో ఆ విచారణ కాదు. పొడి వాడిన రోజుల్లో మీ మందులూ నడుస్తూనే ఉండి ఉంటాయి కదా!

జబ్బు నయం చేస్తుందని చెప్పుకోని వస్తువులకు, ఉదాహరణకు మెత్తటి దిండుకు, ప్రచారం చేయవచ్చు. డబ్బు తీసుకున్నా, ఉచితంగా వస్తువు తీసుకున్నా ఆ సంగతి వీడియోలోనే అక్షరాల్లో చూపాలి, నోటితోనూ చెప్పాలి. కింది వివరణలో ఒక మూల రాస్తే చాలదు. మీరు డాక్టరు కారనీ, మీ మాట వైద్య సలహాకు బదులు కాదనీ స్పష్టంగా తెలపాలి.

కంపెనీకి తిరస్కారం ఫోనులో చెప్పకుండా రాతపూర్వకంగానే పంపండి. వాళ్ల సందేశాలు చెరిపేయకండి. మీ పాత వీడియోలోని ముక్కను కోసి వాళ్లు ప్రచారానికి వాడుకుంటే, లీగల్ నోటీసు పంపడానికి ఆ కాగితమే ఆధారం.