కొత్త డిజైన్ ఇంజనీర్లను ముందు మెషిన్ షాపుకు పంపండి

తయారీ సంస్థలో కొత్తగా చేరే డిజైన్ ఇంజనీర్లకు ప్రారంభ శిక్షణ రూపొందించే బాధ్యత మీపై పడిందని, అందులో క్యాడ్‌కు (కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్‌కు) ఎన్ని వారాలు, ప్రమాణాల పాఠాలకు ఎన్ని గంటలు కేటాయించాలని అడిగారు. గంటల పంపకం తరువాతి సంగతి. శిక్షణ లోహాన్ని కోసి భాగాలు తయారుచేసే మెషిన్ షాపులో మొదలుకావాలన్నదే నా అభిప్రాయం. క్యాడ్ వాళ్లలో చాలామందికి ముందే వచ్చు, రానివారు పని చేస్తూ నేర్చుకుంటారు. తాము గీసిన గీత లోహంలో ఎలా తెగుతుందో ఊహించడమే వాళ్లకు చేతకానిది.

మా బృందంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి అల్యూమినియం హౌసింగ్ (లోపలి భాగాలను పట్టి ఉంచే డబ్బా) ఒకటి గీసింది. అందులో 40 మిల్లీమీటర్ల లోతైన పాకెట్టు (లోహంలో తొలిచే గుంట) ఉంది, దాని లోపలి మూలల వ్యాసార్ధం 1 మిల్లీమీటరు. తెర మీద ముచ్చటగానే ఉంది, తనిఖీ చేసినవాళ్లు కూడా సంతకం పెట్టేశారు. డ్రాయింగు విడుదల చేసే ముందు ఆమెను మెషినిస్టు దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన డ్రాయింగు చూసి, ఏమీ అనకుండా సొరుగులోంచి ఆ మూలలో పట్టే 2 మిల్లీమీటర్ల వ్యాసపు ఎండ్ మిల్లు (తిరుగుతూ లోహాన్ని కోసే కట్టరు) తీసి ఆమె అరచేతిలో పెట్టి, "ఇది అంత లోతుకు దిగాలంటున్నావమ్మా" అన్నారు. కట్టరు బయటికి నిలిచే పొడవు దాని వ్యాసానికి మూడు నాలుగు రెట్లు దాటితేనే వంగడం, అదరడం మొదలవుతాయి. ఇక్కడ ఇరవై రెట్లు కావాలి. ఆ మూల అంత పదునుగా ఎందుకుండాలని ఆయన అడిగితే, లోపల కూర్చునే ప్లేటు మూలలు చదరంగా ఉండటం తప్ప మరో కారణం లేదని తేలింది. ఆమె ప్లేటు మూలలకు చాంఫర్ ఇచ్చి (వాటిని ఏటవాలుగా కోసి), పాకెట్టు మూల వ్యాసార్ధాన్ని 6 మిల్లీమీటర్లకు పెంచింది. 10 మిల్లీమీటర్ల వ్యాసపు కట్టరుతో పని సాఫీగా జరిగింది. మూల వ్యాసార్ధం కట్టరు వ్యాసార్ధం కంటే కాస్త ఎక్కువగా ఉంటే కట్టరు అక్కడ ఇరుక్కోకుండా తిరిగి వస్తుందన్న సంగతి కూడా ఆ మాటల్లోనే ఆమెకు తెలిసింది.

టాలరెన్సుల (కొలతలో అనుమతించే తేడాల) పాఠాన్ని కూడా ఇన్‌స్పెక్షన్ గదిలోనే చెప్పించండి. 20 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అనే టాలరెన్సు తరగతి రాస్తే, అది కొలతకు తగ్గకూడదు, 21 మైక్రాన్లకు (0.021 మిల్లీమీటర్లకు) మించి పెరగకూడదు. దానిని 0.02 మిల్లీమీటర్ల వరకే చదవగల వెర్నియర్‌తో కొలిచి పాసో ఫెయిలో తేల్చమనండి; తేల్చలేరు. అప్పుడు రంధ్రం లోపలి వ్యాసాన్ని సూక్ష్మంగా కొలిచే బోర్ గేజి చేతికివ్వండి. తరువాత మెషిన్ మీద నుంచి అప్పుడే దిగిన 100 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్కను ఒకసారి, చల్లారాక మరోసారి కొలిపించండి. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని, 10 డిగ్రీల తేడాకే ఆ ముక్క సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుందని చేత్తో కొలిచి తెలుసుకున్నవారు ప్రతి రంధ్రానికీ హెచ్7 తగిలించరు. పాత డ్రాయింగుల నుంచి టాలరెన్సులను కళ్లుమూసుకుని దింపుకునే అలవాటు మన డిజైన్ విభాగాలకు పట్టిన పెద్ద జబ్బు. సాధారణ టాలరెన్సుల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 2768 మధ్యమ తరగతి ప్రకారం 80 మిల్లీమీటర్ల కొలతకు ±0.3 మిల్లీమీటర్లు ఇస్తే హాయిగా సరిపోయే మూతపలకల మీద కూడా ±0.01 చూశాను.

స్లైడ్లు చూపించి, చివర ప్రశ్నపత్రం ఇచ్చి, హాజరు శాతాన్ని ఫలితంగా లెక్కగట్టే తంతు ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పడమే. అంతకంటే అన్యాయం మరొకటి ఉంది: శిక్షణ బాధ్యత ఒక సీనియర్‌కు అప్పగిస్తారు కానీ ఆయన రోజువారీ పనిలో ఒక్క గంట కూడా తగ్గించరు. ఆయన విసుక్కుంటూ నేర్పిస్తే కొత్తవాళ్లు ప్రశ్న అడగడమే మానేస్తారు. అందువల్ల మీ ప్రణాళికలో కొత్తవారి గంటల కంటే ముందు నేర్పేవారి గంటలను రాసి, మేనేజరు చేత సంతకం పెట్టించుకోండి.

పరీక్ష తప్పనిసరి అంటే, ప్రతి ఒక్కరికీ ఒక చిన్న భాగం ఇచ్చి, స్వయంగా గీసి, మెషినిస్టు పక్కన నిలబడి చేయించి, తానే కొలిచి, అసెంబ్లీలో బిగించమనండి. మార్కులు మాత్రం మెషినిస్టు, ఇన్‌స్పెక్టరు వేయాలి. డిజైన్ విభాగాధిపతి వేయకూడదు, ఎందుకంటే ఆయనకు కనిపించేది డ్రాయింగు మాత్రమే.