పదిహేడేళ్ల ఫాస్ట్ బౌలర్‌కి నడుము నొప్పి.. కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, కుడిచేత్తో ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు. నెలన్నరగా నడుము ఎడమ పక్కన నొప్పి. మెడికల్ షాపులో ఇచ్చిన టాబ్లెట్లు వేసుకుని ప్రాక్టీస్‌కి వెళ్తున్నాడు. హైదరాబాద్‌లో వెన్నునీ కీళ్లనీ చేత్తో నొక్కి, మెలితిప్పి సరిచేసే కైరోప్రాక్టర్ దగ్గర పది సిట్టింగులు చేయిస్తే నొప్పి తగ్గుతుంది, స్పీడ్ కూడా పెరుగుతుంది అంటున్నారు. పది సరిపోతాయా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: సిట్టింగుల సంగతి తర్వాత చూద్దామండీ, ముందు బాబు బౌలింగ్ ఆపించండి, ఇవాళే. చూడకుండా ఫలానా జబ్బు అని నేను చెప్పలేను గానీ ఈ వయసులో కుడిచేతి ఫాస్ట్ బౌలర్‌కి నడుము కింద ఎడమవైపు నెలన్నర నుంచి నొప్పి ఉందంటే మేం మొదట అనుమానించేది స్ట్రెస్ ఫ్రాక్చర్. దెబ్బ తగిలి విరిగేది కాదిది, బంతి వదిలేటప్పుడు ఒళ్లు వెనక్కీ పక్కకీ వంగి మెలి తిరుగుతుంది కదా, ఆ భారం పడీ పడీ వెన్నుపూస వెనక ఉండే సన్నటి ఎముకలో చీలిక వస్తుంది. బుమ్రా 2019లో ఆటకి దూరమైంది కూడా నడుము స్ట్రెస్ ఫ్రాక్చర్‌తోనే.

ఎడమ కాలి మీద నిలబడి వెనక్కి వంగితే చురుక్కుమంటోందా అని డాక్టర్ చూస్తారు, ఇంట్లో మీరు పదే పదే చేయించకండి. మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనపడదు, నార్మల్ అన్నారని మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లిపోతారు, అందుకే ఎంఆర్ఐ అడగండి. త్వరగా దొరికితే కొన్ని నెలల రెస్ట్, ఫిజియోతో చాలామందికి అతుక్కుంటుంది.

కైరోప్రాక్టిక్ అంతా మోసం అని నేననను. మామూలు నడుము నొప్పికి కొందరికి ఉపశమనం ఉంటుంది, అమెరికాలో స్పోర్ట్స్ టీముల్లో డాక్టర్, ఫిజియోలతో పాటు వాళ్లూ ఉంటారు. కానీ చీలిక ఉందో లేదో తెలియని నడుముని పట్టుకుని మెలితిప్పించడం ఎలాగండీ? అలా తిప్పినప్పుడు వచ్చే టక్‌మనే శబ్దం ఎముక సర్దుకున్నది కాదు, కీలులోని ద్రవంలో గ్యాస్ బుడగ చేసేది. స్పీడ్ పెరుగుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం నేను చూడలేదు. మెడ మాత్రం అస్సలు తిప్పించొద్దు, అరుదుగానే అయినా రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి.

నాకు బాధనిపించింది ఆ టాబ్లెట్ల విషయం. నెలన్నర! నొప్పి తెలియకుండా చేసుకుని రోజూ ఓవర్లకి ఓవర్లు వేస్తే చీలిక పెద్దదవుతుంది, ఎండలో చెమటోడ్చే ఒంటికి పెయిన్ కిల్లర్ కిడ్నీలకీ మంచిది కాదు. షాపులో విడిగా పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే మ్యాచ్‌ల టైంలో డోప్ టెస్టులో కూడా ఇబ్బందే. పిల్లాడు ఆడతానంటాడు, సెలక్షన్స్ అంటాడు, కాదనాల్సింది మీరే కదా.

కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం దగ్గర తేడా వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే ఈ వారంలోనే ఆర్థోపెడిక్ లేదా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కి చూపించండి, వెళ్లేటప్పుడు ఆ టాబ్లెట్ల స్ట్రిప్ మర్చిపోకుండా తీసుకెళ్లండి.