దాచుకుని చదవడానికి ఏ యాప్? అల్లుడికి ఉత్తరం

ఒరే అల్లుడూ,

నెట్‌లో కనబడిన వ్యాసాలు దాచుకుని తీరిగ్గా చదువుకోవడానికి ఏ యాప్ మంచిది మావయ్యా అని మొన్న అడిగావు. అప్పుడే ఫోన్‌లో ఒక పేరు చెప్పేస్తే సరిపోయేది, కానీ నువ్వు అది ఎక్కించుకుని నాలుగు నెలల తర్వాత మళ్ళీ ఇదే ప్రశ్నతో వస్తావని నాకు తెలుసు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తెలివితక్కువతనం చెప్తాను. చాలా ఏళ్ళు నచ్చిన ప్రతి లింకూ వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్నాను. మన పర్లాకిమిడి పాత సంగతులు, గిడుగు రామమూర్తి గారి సవర భాష పని మీద వచ్చినవి, అన్నీ అందులోనే. ఒక ఆదివారం తీరిక చేసుకుని తెరిస్తే సగం రాలేదు. ఒక పత్రికవాళ్ళు సైటు మార్చారు, పాత లింకులన్నీ చచ్చాయి. నా దగ్గర మిగిలినవి చిరునామాలే, లోపలి రాత లేదు. గిడుగు వారు ఇదే ఊళ్ళో బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవరల మాటలు కాగితం మీద ఎక్కించారు, నేనేమో చేతిలో ఫోన్ పెట్టుకుని నాలుగు వ్యాసాలు కాపాడుకోలేకపోయాను.

కాబట్టి ఏ యాప్ చూసినా ముందు అడగాల్సింది ఇది: దాచినప్పుడు రాత మొత్తం నా ఫోన్‌లోకి వస్తుందా, లింకేనా? రెండోది, రేపు ఆ కంపెనీ దుకాణం కట్టేస్తే నా సరుకు నేను ఎలా తెచ్చుకోవాలి? మిగతా రంగులూ హంగులూ తర్వాత.

దుకాణం కట్టేయడం అనేది ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. పాకెట్ అనే యాప్ ఎంత పేరున్నదిరా, 2007లో రీడ్ ఇట్ లేటర్ అనే పేరుతో మొదలైంది, 2017లో మొజిల్లా కొనుక్కుంది, 2025 జులై 8న మూసేసింది. వాడేవాళ్ళకి దించుకోమని గడువైతే ఇచ్చారు గానీ, ఆ ఫైల్లో వచ్చినవి లింకులూ శీర్షికలూ ట్యాగుల్లాంటివే, వ్యాసాల రాత లేదు. ఓమ్నివోర్ అనే ఇంకో యాప్ ఉచితం, కోడ్ కూడా అందరికీ తెరిచి పెట్టినది, అయినా దాన్ని నడిపేవాళ్ళని ఇంకో కంపెనీ కలుపుకోగానే 2024 నవంబర్‌లో ఆ సర్వీసు పోయింది. ఉచితమైతే పోతుంది, డబ్బు కడితే ఉంటుంది అని కూడా అనుకోకు, దాచినవన్నీ బయటికి దించుకునే ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) అనే మీట సెట్టింగుల్లో ఉందో లేదో మొదటి రోజే నొక్కి చూడు.

ఇప్పుడున్నవాటిలో ఇన్‌స్టాపేపర్ 2008 నుంచీ ఉంది, చేతులు మారింది గానీ బతికే ఉంది. చదువుకోవడానికి హాయి, అయితే వ్యాసాల లోపలి మాటలు వెతకాలంటే డబ్బు కట్టాలి. రెయిన్‌డ్రాప్ లింకులు సర్దుకోవడానికి బాగుంటుంది, పేజీ నకలు శాశ్వతంగా ఉంచాలంటే అందులోనూ డబ్బే. రీడ్‌వైజ్ రీడర్ గట్టిది, కానీ నెలనెలా చందా, నీ పాకెట్ మనీకి అక్కర్లేదు. వాలబ్యాగ్ నాకు ఇష్టం, సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు, ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైల్‌గా దించుకోవచ్చు, కానీ సర్వర్ చూసుకునే ఓపిక నీకుందా? నిజం చెప్పు.

మన బాధ వేరే ఒకటుంది, దాని గురించి ఇంగ్లీషు సమీక్షల్లో ఎవడూ రాయడు. కొన్ని యాప్‌లలో వరుసల మధ్య చోటు చాలక తెలుగు వత్తులు కిందివరుసలోకి దూరిపోతాయి. పీడీఎఫ్‌గా దాచుకుందాం అనుకుంటావేమో, చదవడానికి బాగానే ఉంటుంది గానీ తర్వాత అందులో తెలుగు మాట వెతికితే చాలాసార్లు దొరకదు, కాపీ చేస్తే అక్షరాలు చిందరవందర అవుతాయి. నాకు అలా అయ్యాకే సింగిల్‌ఫైల్ పట్టుకున్నాను. అది బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ఎక్స్‌టెన్షన్, బొమ్మలతో సహా పేజీ మొత్తాన్ని ఒక్క ఫైల్‌గా నీ మెషీన్‌లో పెడుతుంది. ఖాతా లేదు, కంపెనీ సర్వర్ లేదు. పోగొట్టుకోకూడదు అనిపించినవి నేను దాంతోనే దాచి పెన్‌డ్రైవ్‌లో ఇంకో నకలు పెట్టుకుంటాను, రోజువారీ చదువుడికి మాత్రం మామూలు యాప్.

ఏది పెట్టుకున్నా ఒక పరీక్ష చెయ్యి. ఒక తెలుగు వ్యాసం, ఒక ఒడియా వార్త, పట్టికలున్న పొడుగాటి ఇంగ్లీషు వ్యాసం ఒకటి, మూడూ దాచి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరువు. గుణుపురం దాటి రాయగడ వెళ్ళే బస్సులో సిగ్నల్ పోయినప్పుడు నీకు కావాల్సింది ఇదే కదా. తెలుగు, ఒడియా రెండూ సరిగ్గా కనబడి, పట్టిక చెదరకుండా ఉంటే ఆ యాప్ ఉంచుకో, లేకపోతే అక్కడికక్కడే తీసెయ్.

ఇంకోటి, మీ అత్త నవ్వుతుంది గానీ చెప్తాను, నా యాప్‌లో చదవకుండా ఉన్నవి రెండొందలు దాటాయి. టెన్షన్ ఏం లేదు, నెలకోసారి పాతవి చూసి ఇక చదవనని తెలిసినవి తీసేస్తాను.

దసరాకి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తేవడం మర్చిపోకు, సింగిల్‌ఫైల్ నేనే పెట్టిస్తాను. ఈలోగా వాట్సాప్‌లో నువ్వు పోగేసిన లింకులుంటే ఈ వారంలోనే తెరిచి చూడు, బతికున్నవాటిని అయినా దించుకో.

మీ పెద్ద మావయ్య,
పర్లాకిమిడి