నొప్పి గోలీ మోకాలికే పోతుందా? సూది వేయిస్తే కడుపుకు ఏమీ కాదా?

మీ నాయినకు మోకాళ్ల నొప్పులని, డైక్లోఫెనాక్ గోలీ వేస్తే కడుపులో మంట వస్తోందని, సూది అయితే ఆ బాధ ఉండదని ఊళ్లో అంటున్నారని రాశారు. ఆ మాట నమ్మకండి.

నేను బీఫార్మసీ చదివి దేవరకొండలో మెడికల్ షాపు నడుపుతున్నాను. మర్రిగూడ వైపు ఊళ్ల నుంచి కీళ్ల నొప్పులతో వచ్చే పెద్దవాళ్లు మా దగ్గర చాలామంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు అవి. "సూది ఏపిచ్చుకుంటే కడుపు ఖరాబ్ గాదట గదా సార్" అని వాళ్లూ అడుగుతారు.

మందుకు మోకాలు ఎక్కడుందో తెలియదు. మింగిన గోలీ పేగులో కరిగి రక్తంలో కలుస్తుంది. పేగు నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయం గుండా పోవాలి కాబట్టి డైక్లోఫెనాక్‌లో దాదాపు సగం అక్కడే విరిగిపోతుంది. మిగిలింది ఒళ్లంతా తిరుగుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు కాకుండా ఆపడమే దాని పని. కీలులో వాపును, నొప్పిని పెంచేవి అవే. కానీ కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవీ, కిడ్నీకి రక్తం తగ్గకుండా చూసేవీ కూడా అవే. మందు మోకాలిలో వాటిని ఆపి కడుపులో వదిలేయదు.

సూదితో మందు కాలేయాన్ని తప్పించుకుని నేరుగా రక్తంలోకి పోతుంది, అంతే. ఆ రక్తమే కడుపుకూ, కిడ్నీకీ అందుతుంది. అన్నం తిన్నాక గోలీ వేసుకున్నా పుండు పడే ప్రమాదం పూర్తిగా పోదు.

డాక్టర్లు నొప్పి మందుకు తోడుగా యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ గోలీ రాసేది అందుకే. అది రక్తంలో సగానికి తగ్గడానికి గంట చాలు, పని మాత్రం దాదాపు రోజంతా చేస్తుంది. కడుపులో యాసిడ్‌ను వదిలే పంపులకు గట్టిగా అతుక్కుని వాటిని మూసేస్తుంది, కొత్త పంపులు తయారయ్యేదాకా యాసిడ్ పెరగదు. పొద్దున తినడానికి అరగంట ముందు వేస్తేనే బాగా పనిచేస్తుంది. అయితే అది కాపాడేది కడుపును మాత్రమే, కిడ్నీని కాదు.

నాకు ఎక్కువ భయం కిడ్నీ గురించే. ఒక పెద్దాయన బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన గోలీ వాడుతూ, ఎండాకాలంలో పొలం పనుల మధ్య నొప్పికి సూదులు వేయించుకున్నాడు. కాళ్లు వాచి, మూత్రం తగ్గి మా షాపుకొచ్చాడు. మందుల సంచి చూసి వెంటనే నల్లగొండ పంపించాను. కిడ్నీ సరిగా పనిచేయనప్పుడు రక్తంలో పేరుకునే క్రియాటినిన్ బాగా పెరిగిందని తేలింది. ఆ రెండు బీపీ మందులూ, నొప్పి మందూ కిడ్నీలో రక్తపు ఒత్తిడిని తలో దారిలో తగ్గిస్తాయి. దానికి ఒంట్లో నీళ్లు తగ్గడం తోడైతే కిడ్నీ తట్టుకోలేదు.

మీ నాయినకు బీపీ, షుగర్ మందులు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే ఆ చీటీలన్నీ డాక్టర్‌కు చూపించి, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. మోకాలి మీద రాసే డైక్లోఫెనాక్ జెల్ సరిపోతుందేమో అడగండి. దానిలోంచి రక్తంలోకి పోయే మందు చాలా తక్కువ. పారాసిటమాల్ కడుపుకు ఇంత చేటు చేయదు గానీ అతిగా వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. బక్కగా ఉన్నవాళ్లకు, కల్లు, సారా అలవాటు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువే. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా నొప్పి మందు ఆపేసి అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకుపోండి.