కోటను చర్చిగా మార్చిన చోటు: కాపెన్‌బెర్గ్‌లో నేను చూసింది

మీరు అడిగినవి రెండు. మధ్యయుగపు కోటను చర్చిగా మార్చిన చోటు ఎవరైనా స్వయంగా చూశారా? చూస్తే, లోపల కోట ఆనవాళ్లు తెలుస్తాయా? మొదటిదానికి, చూశాను. రెండోదానికి, తెలియవు. ఒక్క చోట తప్ప, అది చివర్లో చెబుతాను.

నేను జర్మనీలోని డార్ట్‌మండ్‌లో ఎమ్మెస్ చేశాను. అక్కడికి ఉత్తరంగా, సెల్మ్ అనే ఊరి పరిధిలో కాపెన్‌బెర్గ్ ఉంది. ల్యూనెన్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. నేనూ, వరంగల్ నుంచి వచ్చిన మా రూమ్మేటూ ఒక ఆదివారం బయల్దేరాం. పేరులోనే ‘ష్లోస్’ అని ఉంది, అంటే కోట అనో రాజభవనం అనో అర్థం. వాడు ఖిలా వరంగల్‌నీ, నేను గండికోటనీ మనసులో పెట్టుకుని కొండెక్కాం. తీరా చూస్తే బురుజు లేదు, ఫిరంగి లేదు. వరసగా కిటికీలున్న పొడుగాటి భవనం, పక్కనే రాతి చర్చి. "ఇదేదో పాత కలెక్టరాఫీసులా ఉందిరా" అన్నాడు వాడు.

ఇక్కడే అందరూ పొరబడతారు. ఇప్పుడు కోట అని పిలుస్తున్న ఆ భవనం అసలు కోటే కాదు. కోట స్థానంలో వెలసిన మఠం వాళ్లు 1708 ప్రాంతంలో తమ కోసం బరోక్ (అప్పటి ఆడంబరమైన యూరప్ శైలి) పద్ధతిలో కట్టుకున్నది. నిజమైన కోట చర్చి వైపు ఉండేది, అది పోయి తొమ్మిది వందల ఏళ్లయింది.

కోట పోవడానికి కారణం వేరే ఊళ్లో జరిగిన ఒక అగ్నిప్రమాదం అంటారు. ప్రమాదం అనడం నాకు నచ్చదు, అది దాడి. పన్నెండో శతాబ్దం మొదట్లో బిషప్పులను నియమించే హక్కు చక్రవర్తిదా, పోప్‌దా అని జర్మనీ అంతా కొట్టుకుంటోంది. కాపెన్‌బెర్గ్ కోట యజమానులు గాట్‌ఫ్రీడ్, ఓట్టో అనే అన్నదమ్ములు. వీళ్లు చక్రవర్తికి ఎదురు తిరిగిన సాక్సనీ డ్యూక్ లోథర్ పక్షాన నిలబడి, 1121 ఫిబ్రవరిలో మ్యూన్‌స్టర్ నగరం మీద పడ్డారు. ఆ పోరులో అక్కడి పెద్ద చర్చి తగలబడిపోయింది. దేవుడి ఇంటికే నిప్పంటుకుందన్న బాధ గాట్‌ఫ్రీడ్‌ను వదల్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే క్సాంటెన్‌కు చెందిన నోర్బెర్ట్ అనే బోధకుడు ఊరూరా తిరుగుతున్నాడు. ఫ్రాన్స్‌లోని ప్రెమోంత్రేలో 1120లో కొత్త సన్యాసి సంఘం పెట్టినవాడు. గాట్‌ఫ్రీడ్ 1122లో తన కోటను, భూములను ఆయనకు రాసిచ్చేశాడు. జర్మన్ నేల మీద ఆ సంఘానికి మొదటి మఠం ఇదే.

ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా? గాట్‌ఫ్రీడ్ మామగారు ఆర్న్స్‌బెర్గ్ ప్రభువు ఫ్రీడ్రిక్. కూతురికి రావలసిన కోటను సన్యాసుల పాలు చేస్తాడా అని అల్లుడి మీద కత్తి దూసినంత పని చేశాడు. 1124లో ఆయన చనిపోయాకే గొడవ సద్దుమణిగింది. గాట్‌ఫ్రీడ్ భార్య కూడా సన్యాసినుల్లో చేరింది. గాట్‌ఫ్రీడ్ 1127 జనవరిలో ముప్ఫై ఏళ్ల ప్రాయంలో ఇల్బెన్‌స్టాట్ మఠంలో చనిపోయాడు. తమ్ముడు ఓట్టో మాత్రం చాలాకాలం బతికాడు. అన్న అస్థికల్లో కొంత భాగాన్ని 1149లో ఇక్కడికి తెప్పించాడు, 1156 నుంచి 1171లో పోయేదాకా ఈ మఠానికి అధిపతిగా ఉన్నాడు.

ఇక కట్టడం. మేం వెళ్లేసరికి లోపల ప్రార్థన జరుగుతోంది, ముక్కాలు గంట బయట చలిలో నిలబడ్డాం. లోపలికి అడుగుపెట్టగానే మొదట తోచింది, ఎంత బోడిగా ఉందో అని. శిలువ ఆకారపు ప్లాను, మధ్యలో ఎత్తయిన హాలు, రెండు పక్కలా తక్కువ ఎత్తు నడవలు, వాటి మధ్య లావాటి చదరపు స్తంభాలు. మ్యూన్‌స్టర్, కొలోన్ చర్చిల్లో ఉన్నట్టు జంట గోపురాలు లేవు. ఈ సంఘం వాళ్లకు ఆడంబరం గిట్టేది కాదు మరి. మొదట్లో పైన చదునైన చెక్క కప్పు ఉండేది, తర్వాత గోతిక్ (కోసుగా, ఎత్తుగా సాగే కమానుల శైలి) కాలంలో దాన్ని తీసేసి రాతి కమానులు ఎక్కించారు. కింద అంతకుముందటి రోమనెస్క్ శైలి బరువైన గోడలు, పైన సన్నగా సాగిన గోతిక్ గీతలు. రెండు కాలాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టు ఉంటుంది. ఆ అతుకు వెతుక్కుంటూ తలెత్తి నడిస్తే మెడ నొప్పి గ్యారంటీ.

బలిపీఠం వైపు సన్యాసులు కూర్చునే చెక్క ఆసనాలు తప్పకుండా చూడండి. 1509 నుంచి 1520 మధ్య చెక్కినవి. సినిమా హాలు కుర్చీలాగా సీటు పైకి మడుస్తారు. మడిచినప్పుడు దాని అడుగున చిన్న దిమ్మ బయటికొస్తుంది. గంటల తరబడి నిలబడి ప్రార్థించాల్సిన ముసలి సన్యాసి, నిలబడినట్టే కనిపిస్తూ దాని మీద ఆనుకోవచ్చు. మన తిరుమల క్యూలో రెయిలింగు మీద ఓ పక్కకి ఒరిగి నిలబడతామే, అదే ఉపాయం! అన్నదమ్ములిద్దరూ చర్చి నమూనాను చేతులతో పట్టుకుని నిలబడ్డ సమాధి శిల్పం కూడా ఉంది. అది పద్నాలుగో శతాబ్దపు పని, వాళ్లు పోయిన చాలాకాలానికి చేసింది. కాబట్టి అవి వాళ్ల అసలు ముఖాలు అనుకోకండి.

చాలామంది ఇక్కడికి వచ్చేది ఒక తల కోసం. 1160 ప్రాంతంలో కంచుతో పోతపోసి బంగారు పూత పూసిన తల, ఒక అడుగు ఎత్తు. చక్రవర్తి ఫ్రీడ్రిక్ బార్బరోసాకు బాప్తిస్మంలో ధర్మపిత ఈ ఓట్టోనే, అందుకే ఈ తల ఆ చక్రవర్తిదని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. ఓట్టో దాన్ని యోహాను అపొస్తలుడి పవిత్ర అవశేషాలు దాచే పాత్రగా వాడాడు. అది చక్రవర్తి ముఖం కాదు, మొదటి నుంచీ యోహానుదే అని ఈమధ్య కొందరు చరిత్రకారులు గట్టిగా వాదిస్తున్నారు. నాకు వాళ్ల మాటే నమ్మబుద్ధేసింది.

నన్ను ఆపేసింది మాత్రం ముఖం కాదు, దాని అడుగు. ఆ తల ఎనిమిది మూలల చిన్న కోట గోడ మీద నిలబడి ఉంటుంది. గోడకు పళ్లలాంటి కంగూరలు, దాని మీద మోకరిల్లి తలను మోస్తున్న బుల్లి దేవదూతలు. కొండ మీది కోటను వదిలేసిన మనిషి దగ్గర మిగిలిన కోట, నాకు కనబడినంతలో, అదొక్కటే.

మిగతా చరిత్ర త్వరగా అయిపోతుంది. 1803లో మఠాన్ని రద్దు చేశారు. 1816లో ఈ ఆస్తి ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యపు సంస్కర్త ఫ్రైహెర్ (బేరన్) ఫోమ్ స్టైన్ చేతికొచ్చింది. 1807లో రైతుల బానిసత్వం రద్దు చేసిన సంస్కరణల్లో ఆయన ముఖ్యుడు. 1831లో ఆయన ఇక్కడే కన్నుమూశారు.

వెళ్లాలనుకుంటే ఆదివారం పొద్దున్న వద్దు, మాలాగా బయట నిలబడాలి. తిరుగు బస్సు టైము దిగగానే ఫోటో తీసి పెట్టుకోండి. మేం ఆ పని చేయక, బస్సు తప్పిపోయి ల్యూనెన్ దాకా నడుచుకుంటూ దిగాం.