పర్మిషన్ మార్చినా పాత ఫైలు తెరుచుకుంటోంది, ఎందుకు?

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాకు ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. ఆఫీసు ఫైళ్లన్నీ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెట్టిన లినక్స్ సర్వర్‌లో ఉంటాయి, గంటగంటకూ స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే నిలిపి ఉంచే కాపీ) పడుతుంది. జీతాల షీటు అందరికీ కనిపిస్తోందని తెలిసి పర్మిషన్ 644 (అందరూ చదవగలరు) నుంచి 600కి (ఫైలు ఓనర్ మాత్రమే చదవగలరు) మార్చాం. అయినా మా స్టోర్స్ కుర్రాడు తన లాగిన్‌తోనే పాత షీటు తెరిచి చూపించాడు. సర్వర్ హ్యాక్ అయిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: హ్యాక్ కాలేదమ్మా. మీకు చూపించి ఆ అబ్బాయి మేలే చేశాడు, అతన్ని ఏమీ అనకండి.

స్నాప్‌షాట్ పడిన క్షణానికి ఫైలుకి ఏ పర్మిషన్ ఉందో అదీ అందులో అలాగే నిలిచిపోతుంది. స్నాప్‌షాట్‌ను చదవడమే తప్ప మార్చడం సర్వర్‌పై అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌కి కూడా కుదరదు. మీరు 600 చేసింది ఇప్పటి ఫైలుకి, పాత కాపీలన్నీ ఇంకా 644తోనే ఉన్నాయి. అక్కడికి దారి డాట్ జెడ్‌ఎఫ్‌ఎస్ (.zfs) అనే ఫోల్డర్. మామూలుగా అది లిస్టులో కనపడదు. కానీ పేరు తెలిస్తే చాలు, ఎవరైనా సీడీ (cd) కమాండ్ కొట్టి లోపలికి వెళ్లిపోవచ్చు. కనపడకపోవడాన్ని భద్రత అనుకోకండి.

విండోస్‌లోనూ ఇలాగే జరిగింది. 2021 జులైలో పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే (పాస్‌వర్డ్‌లను కోడ్‌గా మార్చిన రూపాలు) శామ్ ఫైలును షాడో కాపీల్లోంచి (విండోస్ స్నాప్‌షాట్లు) మామూలు యూజర్లు చదవగలుగుతున్నారని బయటపడింది. అప్‌డేట్ వేస్తే సరిపోదు, పాత షాడో కాపీల్ని కూడా తీసేయాలని మైక్రోసాఫ్ట్ చెప్పాల్సి వచ్చింది.

ముందుగా జీతాలకు విడిగా ఒక డేటాసెట్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో సొంత స్నాప్‌షాట్లుండే విడి భాగం) చేసి, దాని పైఫోల్డర్‌కే 700 (ఓనర్ తప్ప ఎవరూ లోపలికి వెళ్లలేరు) పెట్టండి. పైఫోల్డర్ దాటలేనివాళ్లు దాని స్నాప్‌షాట్ల దాకా వెళ్లలేరు. షీటు అందులోకి మార్చాక, 644 కాపీ ఉన్న పాత స్నాప్‌షాట్లన్నీ చెరిపేయాలి. ఒక్కటి మిగిలినా షీటు మిగిలినట్టే. స్నాప్‌షాట్లు వేరే మెషీన్‌కి కూడా పంపుతుంటే అక్కడా చూడండి.

తొందరపడి మాత్రం చెరపొద్దు! వాటితోపాటు మీ డ్రాయింగుల, బిల్లుల పాత వెర్షన్లూ పోతాయి. కావలసినవి ముందు బయటి డిస్కులోకి తీసి బీరువాలో పెట్టుకోండి. అంతా అయ్యాక, రూట్‌గా కాదు, మామూలు లాగిన్‌తో ప్రయత్నించి చూడండి.

ఇంకో మాట. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్ తీసే హక్కు, చెరిపే హక్కు, ఫైళ్లను పాత స్నాప్‌షాట్‌కి వెనక్కి తిప్పే హక్కు విడివిడిగా ఇవ్వొచ్చు. రోజూ వాడే లాగిన్‌కి చెరిపే హక్కు ఇవ్వకండి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బులడిగే వైరస్) ఆ లాగిన్‌లోకి దూరితే ఫైళ్లను లాక్ చేయగలదేమో గానీ, స్నాప్‌షాట్లను తుడిచేయలేదు.