జబ్బుకు పేరు దొరికేలోపు డబ్బు సంగతి

ప్రశ్న: నా వయసు 35. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. చేతికి 72 వేలు వస్తాయి. మావారికి ఉప్పల్‌లో చిన్న మొబైల్ షాపు ఉంది, నెలకు 27 వేల దాకా మిగులుతుంది. ఇద్దరు పిల్లలు. 14 నెలలుగా నాకు ఎడమ చెయ్యి, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఒక్కోసారి నడుస్తుంటే తూలుతున్నాను. రెండుసార్లు ఒక కన్ను మసకబారి కొన్ని రోజులకు తగ్గింది. నలుగురు డాక్టర్లకు చూపించాం. రెండు ఎమ్మారైలు, నరాల పరీక్ష, బోలెడన్ని రక్త పరీక్షలు అయ్యాయి. ఒకరు టెన్షన్ అన్నారు, ఒకరు ఆరు నెలలు ఆగి చూద్దాం అన్నారు. జబ్బు పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పటికి 2.10 లక్షలు ఖర్చయింది, ఇన్సూరెన్స్ నుంచి రూపాయి రాలేదు. 5 లక్షల ఎఫ్‌డీ 3.95 లక్షలకు దిగింది. ఇంటి ఈఎంఐ 28,500, ఫీజులు నెలకు 8 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 10 వేలు, చిట్టీ 10 వేలు (5 లక్షల చిట్టీ, 50 నెలలకు 31 కట్టాం, ఇంకా పాడలేదు). నాకు 2019లో తీసుకున్న 50 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ ఉంది. కంపెనీ ఇచ్చిన 5 లక్షల హెల్త్ పాలసీలోనే నలుగురం ఉన్నాం. జబ్బు పేరు బయటపడకముందే కొత్త హెల్త్ పాలసీ, కోటి రూపాయల టర్మ్ తీసేసుకోమని, ఫారంలో ఇవేవీ రాయొద్దని మా మరిది అంటున్నాడు. అత్తయ్యగారేమో ఉద్యోగం మానేసి ఆరోగ్యం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ మరిది మాట తేలుద్దాం. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

పేరు పెట్టలేదు కాబట్టి జబ్బు లేనట్టే అన్నది ఆయన లెక్క. బీమా కంపెనీ లెక్క అలా ఉండదు. పాలసీ మొదలయ్యే నాటికి వెనక 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించిన జబ్బుతో పాటు, డాక్టర్ సలహా గానీ చికిత్స గానీ తీసుకున్న ఇబ్బంది కూడా ‘ముందే ఉన్న జబ్బు’ కిందికే వస్తుంది. నాలుగు ప్రిస్క్రిప్షన్లు, రెండు ఎమ్మారైలు తేదీలతో సహా మీ ఇంట్లోనే ఉన్నాయి. రేపు పెద్ద క్లెయిమ్ పెడితే వాళ్లు మొదట అడిగేది పాత కాగితాలే. దాచినట్టు తేలితే క్లెయిమూ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు. ‘ఐదేళ్లు దాటితే ఏమీ అనలేరు’ అనే మాట ఏజెంట్ల నోట వింటుంటాం. నిజమే, 2024లో హెల్త్ పాలసీలకు ఆ గడువును 8 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు తగ్గించారు. అయితే మోసం అని రుజువైతే ఆ రక్షణ ఉండదు. తెలిసి తెలిసీ ఫారంలో ‘లేదు’ అని టిక్కు పెట్టాక, అది మోసం కాదని వాదించే ఓపిక ఆ రోజు మీకు ఉంటుందా?

నిజం రాస్తే ఏమవుతుందంటారా? ఇలాంటప్పుడు టర్మ్ కంపెనీలు చాలావరకు ‘పరీక్షలు పూర్తయ్యాక రండి’ అని వాయిదా వేస్తాయి. హెల్త్ పాలసీ అయితే ఇవ్వొచ్చు, ఎక్కువ ప్రీమియం అడగొచ్చు, కాదనొచ్చు. ఇస్తే ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలం) గరిష్ఠంగా 3 ఏళ్లే, కాబట్టి అడగడం దండగ కాదు. కాకపోతే నేరుగా దరఖాస్తు పడేయకండి. ముందు రిపోర్టులు చూపించి, ఇస్తారో లేదో ఏజెంటును కనుక్కోమనండి. ఒకసారి కాదన్నారంటే తర్వాత ఏ కంపెనీ ఫారం నింపినా ‘ఎప్పుడైనా తిరస్కరించారా’ అన్న ప్రశ్న ఎదురవుతుంది.

అసలు ఇప్పుడు కొత్త పాలసీ తీసుకోవాల్సింది మీవారి పేరు మీద. ఆరోగ్యంగా ఉన్నది ఆయన, పిల్లలు. ముగ్గురికీ ఉన్న ఒకే గొడుగు మీ కంపెనీ పాలసీ. ఆ ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (అందరూ కలిసి వాడుకునే ఒకే హెల్త్ పాలసీ), ఆయనకు వేరుగా ఒక టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఫారంలో కుటుంబ చరిత్ర అంటే సాధారణంగా ఆయన తల్లిదండ్రులు, తోబుట్టువుల గురించే అడుగుతారు. మీ తిమ్మిర్లకు అందులో చోటు లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాల మీద జీఎస్టీ కూడా లేదు.

ఇక మీ 2019 టర్మ్ పాలసీ. ఈ రోజు మీ దగ్గరున్న అన్నిటిలోకీ విలువైన కాగితం అదే. మూడేళ్లు దాటాయి కాబట్టి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇక దాన్ని ప్రశ్నించలేదు. అలాగని ప్రీమియం మర్చిపోయి పాలసీ ల్యాప్స్ అయితే, మళ్లీ బతికించడానికి కొత్తగా ఆరోగ్య డిక్లరేషన్ ఇవ్వాలి, ఆ మూడేళ్ల లెక్కా మళ్లీ మొదటికొస్తుంది. ఆసుపత్రుల హడావుడిలో ఇలాంటివి జరిగిపోతుంటాయి. ఇవాళే ఆటో డెబిట్ పెట్టండి.

ఇన్సూరెన్స్ రూపాయి ఇవ్వలేదన్నారు. హెల్త్ పాలసీలన్నీ చికిత్స కోసం కట్టుకున్నవి, వెతుకులాట కోసం కాదు. ఓపీ ఫీజులు చాలా పాలసీల్లో ఉండవు. కేవలం పరీక్షల కోసం అడ్మిట్ అయితే ఆ ఖర్చు కూడా మినహాయింపుల్లోనే ఉంటుంది. ‘రెండ్రోజులు అడ్మిట్ అవ్వండి, ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం’ అని కౌంటర్‌లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. క్లెయిమ్ తిరస్కరిస్తే బిల్లు మీదే, ఫైల్లో రాసిన అబద్ధమూ మీదే. ఇందులో ఒక వెసులుబాటు ఉంది. నిజంగా చికిత్స కోసం అడ్మిట్ అయితే, దానికి ముందు 30 లేదా 60 రోజుల్లో అదే జబ్బుకు పెట్టిన పరీక్షలు, ఫీజులు చాలా పాలసీలు ఇస్తాయి. కాబట్టి ఏ బిల్లూ పారేయకండి. కంపెనీ పాలసీలో ఓపీ కవర్ ఉందేమో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. కొన్ని కంపెనీలు ఇస్తాయి, ఉద్యోగుల్లో చాలామందికి ఆ సంగతి తెలియదు.

పన్ను విషయంలోనూ అంతా పేరు మీదే నడుస్తుంది. పాత ఆదాయపు పన్ను విధానంలో 80డీడీబీ సెక్షన్ కింద పార్కిన్సన్స్, మోటార్ న్యూరాన్ జబ్బు, అటాక్సియా లాంటి కొన్ని నాడీ జబ్బులకు, అదీ వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే, 60 ఏళ్లలోపు వారికి 40 వేల దాకా మినహాయింపు ఇచ్చేవారు. మీరు కొత్త విధానంలో ఉంటే అదీ వర్తించదు. దీని మీద ఇప్పుడు బుర్ర పాడుచేసుకోకండి.

ఇంటి లెక్కకు వద్దాం. ఇద్దరిదీ కలిపి 99 వేలు. ఈఎంఐ, ఫీజులు, ఇంటి ఖర్చు, సిప్, చిట్టీ కలిపి 91,500. మిగిలేది 7,500. ఆసుపత్రులకు 14 నెలల్లో సగటున నెలకు 15 వేలు పోయాయి. ఆ తేడా 7,500 ఎఫ్‌డీ నుంచి వచ్చింది, లక్షకు పైగా తరిగింది. నా సలహా, సిప్ ఏడాది పాటు ఆపండి. మామూలుగా నేను చెప్పే మాట కాదిది. కానీ పదిహేనేళ్ల తర్వాతి డబ్బు కోసం ఈ ఏడాది ఎఫ్‌డీ కరిగించడంలో అర్థం లేదు. అప్పుడు నెలకు 17,500 చేతిలో ఉంటుంది. అందులో 12,500 వేరే ఖాతాలో వేయండి, దాన్ని వెతుకులాట ఖాతా అనుకోండి. ఏడాదికి లక్షన్నర. డాక్టర్ ఫీజులు, పరీక్షలు, రెండో అభిప్రాయానికి బెంగళూరు వెళ్తే రైలు, లాడ్జి అన్నీ అందులోంచే. మిగతా 5 వేలు ఎఫ్‌డీకి తోడు చేయండి. చిట్టీ ఇప్పుడు పాడొద్దు. చివరికొచ్చేకొద్దీ తగ్గించుకుని పాడాల్సిన పని తగ్గుతుంది, అది మీ రెండో ఆసరా.

ఈ లక్షన్నర గీత ఎమర్జెన్సీకి వర్తించదు. చూపు ఒక్కసారిగా పోయినా, కాలో చెయ్యో ఉన్నట్టుండి పడిపోయినా, మాట తడబడినా లెక్కలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నేను డాక్టర్ని కాను. కానీ ఇలాంటి కుటుంబాల బిల్లులు చాలా చూశాను. డబ్బు ఎక్కువగా పోయేది కొత్త పరీక్షలకు కాదు, చేసినవే మళ్లీ చేయించడానికి. మా నాన్నగారికి చేతులు వణుకుతుంటే మూడు చోట్ల మూడు స్కాన్లు తీయించాం. మొదటి దాని సీడీ మా బీరువాలోనే ఉంది, తీసుకెళ్లాలని ఎవరికీ తట్టలేదు. ఎమ్మారై ఫిల్మ్ ఒక్కటే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోండి. కన్ను మసకబారిన తేదీలు, ఎన్ని రోజులుంది, తిమ్మిరి ఎక్కడ మొదలైంది, ఒక నోటుబుక్కులో రాయండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ (రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము మీద దాడి చేసే జబ్బు) లాంటి వాటిలో వేర్వేరు సమయాల్లో, నాడీ వ్యవస్థలో వేర్వేరు చోట్ల దెబ్బ తగిలిందా అని చూస్తారు. అందుకే ‘ఆరు నెలలు ఆగి చూద్దాం’ అన్న డాక్టర్ మిమ్మల్ని వదిలించుకోవడానికే అలా అన్నారని అనుకోనక్కర్లేదు. నలుగురిలో మీ మాట పూర్తిగా విన్న న్యూరాలజిస్టును ఒక్కరిని ప్రధాన డాక్టర్‌గా పెట్టుకోండి. రెండో అభిప్రాయానికి పంజాగుట్ట నిమ్స్ మీకు దగ్గర్లోనే ఉంది. అక్కడా తేలకపోతే బెంగళూరులో నాడీ, మానసిక జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రికి పూర్తి ఫైలుతో ఒక్కసారి వెళ్లండి. ఫుల్ బాడీ ప్యాకేజీలు, ఫేస్‌బుక్ ప్రకటనల్లో కనిపించే జన్యు పరీక్షలు డాక్టర్ రాయకుండా చేయించుకోకండి.

టెన్షన్ అన్నందుకు మీకు కోపం వచ్చి ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ సైకియాట్రిస్టును కూడా చూడమంటే ఆ ఫీజు వృథా అనుకోవద్దు. ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ (మెదడు, నరాలు పనిచేసే తీరు తప్పడం) అని నిజమైన జబ్బే ఒకటుంది, అది నటన కాదు, చికిత్సా ఉంది. ఒకవేళ మానసిక సమస్య అని తేలినా, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా బీమా కల్పించాల్సిందే.

ఉద్యోగం మాత్రం మానకండి. మీ జీతం ఆగితే మీవారి 27 వేలు పోను సిప్ ఆపినా నెలకు 54,500 లోటు, చిట్టీతో కలిపి. ఎఫ్‌డీ ఏడు నెలలకు చాలుతుంది. దానికంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. రాజీనామా చేస్తే కంపెనీ హెల్త్ పాలసీ పోతుంది. ఇలాంటి గ్రూప్ పాలసీల్లో ముందే ఉన్న జబ్బులకు సాధారణంగా మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది, ఇవాళ మీకు అది బయట ఎక్కడా దొరకదు. అత్తయ్యగారికి ఈ ఒక్క సంగతి చెప్పండి, ఆవిడకు అర్థమవుతుంది. ఓపిక లేకపోతే ముందు ఉన్న సెలవులు, తర్వాత ఇంటినుంచి పని, ఆ తర్వాత జీతం లేని సెలవు రెండు నెలలు. ఆ రెండు నెలలూ పాలసీ కొనసాగుతుందని హెచ్‌ఆర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి. తప్పనిసరై ఎప్పుడైనా మానాల్సి వస్తే, చివరి పనిదినానికి ముందే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారతానని దరఖాస్తు పెట్టండి. ఒప్పుకోవడం వాళ్ల చేతిలో ఉంటుంది, కానీ ఒప్పుకుంటే ఇన్నాళ్ల కవర్ వెయిటింగ్ లెక్కలో కలుస్తుంది.

కంపెనీ పాలసీ కాపీ పంపండి. ఓపీ కవర్, అడ్మిషన్‌కు ముందు ఎన్ని రోజుల ఖర్చులిస్తారు, రూమ్ రెంట్ పరిమితి, ఈ మూడూ చూసి చెబుతాను.